స్వీడన్‌లో తొలి మూస్ వేట: అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు

ప్రశ్న: ఓస్టర్‌సుండ్ నుంచి కొత్త సభ్యుడు

పెద్దలందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా కిందటి ఏడాది కుటుంబంతో యెమ్ట్‌లాండ్ ప్రాంతానికి వచ్చాను. నాతో పనిచేసే స్వీడిష్ మిత్రుడు ఈ సెప్టెంబరులో తమ ఊరి వేట బృందంతో మూస్ (ఇక్కడి అడవుల్లో ఉండే పెద్ద జింక జాతి జంతువు) వేటకు రమ్మని పిలిచారు. వేటగాళ్ల పరీక్షకు చదువుతున్నాను. మొదటి తుపాకిగా ఏది కొనుక్కుంటే మంచిదో దయచేసి చెప్పగలరు.

జవాబు: ఊమెయో నుంచి

తమ్ముడూ, తుపాకి సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ పిలుపు ఎంత విలువైనదో గుర్తించండి. ఈ దేశంలో అడవిలో ఎవరైనా తిరగవచ్చు, పుట్టగొడుగులు, బెర్రీలు ఏరుకోవచ్చు గాని, వేట హక్కు మాత్రం ఆ భూమి యజమానిదే, లేదా ఆయన దగ్గర కౌలుకు తీసుకున్నవారిదే. తరతరాలుగా కలిసి వేటాడుతున్న బృందంలో బయటివారికి చోటు దొరకడం చాలా కష్టం.

రాత పరీక్షలో 70 ప్రశ్నలుంటాయి, కనీసం 60కి సరైన జవాబు రాయాలి. దానితోపాటు కాల్పుల పరీక్షలుంటాయి. 80 మీటర్ల దూరాన పట్టాల మీద పరుగెత్తే మూస్ బొమ్మను సరైన చోట కొట్టడం వాటిలో ఒకటి. ఆపైన జులై 1 నుంచి మరుసటి జూన్ 30 వరకు చెల్లే వేట కార్డుకు రుసుము కట్టాలి, ఒక్కొక్క తుపాకికి విడిగా లైసెన్సు తెచ్చుకోవాలి. మీ వైపు వేట సెప్టెంబరు మొదటి సోమవారమే మొదలవుతుంది కాబట్టి, ఇవన్నీ ఆలోగా పూర్తవుతాయన్న ఆశతో తొందరపడవద్దు. ఈ ఏడాది ఉత్త చేతులతో వెళ్లి, మంచె మీద ఒక అనుభవజ్ఞుని పక్కన కూర్చోండి. పక్క మాటులో ఎవరున్నారో, ఏ దిక్కుకు కాల్చకూడదో, రేడియోలో నాయకుడు చెప్పే మాటకు బృందం ఎలా నడుచుకుంటుందో చూసి నేర్చుకోవలసినవే. ఆ మాటలన్నీ స్వీడిష్‌లోనే, అదీ మీ ప్రాంతపు యాసలోనే ఉంటాయి, అందుకే భాష మీద కూడా శ్రద్ధ పెట్టండి.

జవాబు: వెస్టెరోస్ నుంచి

అన్నగారు చెప్పినవి నిజమే గాని, అద్దె ఇంట్లో ఉండేవారికి అసలు చిక్కు వేరే చోట ఉంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. తుపాకిని ఆమోదం పొందిన ఇనుప బీరువాలోనే తాళం వేసి ఉంచాలని, తేలికపాటి బీరువా అయితే గోడకో నేలకో బోల్టులతో బిగించాలని ఇక్కడి పద్ధతి. నేను లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్న రోజుల్లో మా ఇంటి యజమాని నోటిమాటగా సరేనన్నారు. తీరా బీరువా వచ్చి మెట్ల దగ్గర దిగాక, గోడకు రంధ్రం పెట్టడానికి వీల్లేదన్నారు. బిగించనవసరం లేని బరువైన బీరువా తెప్పిస్తానంటే, పై అంతస్తు నేల అంత బరువు మోయదన్నారు. నేను రాసిన ఉత్తరాలకు ఒకదానికీ జవాబు లేదు. లైసెన్సు చేతికొచ్చినా తుపాకి దుకాణంలోనే ఉండిపోయింది, బృందంలో నా మాటు ఇంకొకరికి ఇచ్చేశారు, ఆ ఏటి వేట అలాగే పోయింది. ఇల్లు ఖాళీ చేసినప్పుడు, గోడ మీద మేము పెన్సిల్‌తో పెట్టుకున్న గుర్తులు చూపించి అడ్వాన్సులో కొంత పట్టుకున్నారు కూడా. అందుచేత బీరువా ఎక్కడ పెడతారో, ఎలా బిగిస్తారో యజమానితో కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

జవాబు: యేవ్లె నుంచి

ఆయన అడిగింది తుపాకి గురించి కాబట్టి ఆ మాట చెబుతాను. 6.5×55 అనే కొలత తూటా పేల్చే రైఫిల్ కొనుక్కోండి. ఈ దేశంలో తరాలుగా మూస్‌ను దానితోనే కొడుతున్నారు, కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ తక్కువ, అందువల్ల సాధన ఎక్కువసేపు చేయగలుగుతారు.

జవాబు: ఊమెయో నుంచి

మిత్రమా, మీ మాటతో నేను ఏకీభవించలేను. చట్టం ప్రకారం 10 గ్రాములు, అంతకు పైబడిన తూటాకు 100 మీటర్ల దగ్గర 2,000 జౌల్‌ల (శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి చాలు, 9 నుంచి 10 గ్రాముల లోపు అయితే 2,700 ఉండాలి. 6.5లో బరువైన తూటా తీసుకుంటేనే మొదటి లెక్కలోకి వస్తుంది, దుకాణంలో చూడకుండా తేలికది కొన్న కొత్తవారు ఇబ్బంది పడతారు. అంతకంటె పెద్ద తూటాల రైఫిళ్లైన .308 గాని .30-06 గాని తీసుకుంటే ఆ బెంగ ఉండదు.

జవాబు: యేవ్లె నుంచి

పెట్టె మీద బరువు చదివి కొనుక్కోవడం కష్టమైన పని కాదండీ. దెబ్బకు భయపడి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగేవారిని కాల్పుల మైదానంలో ఎంతమందినో చూశాను. అలాంటివారి చేతిలో పెద్ద తుపాకి ఉంటే మూస్‌కే హింస.

జవాబు: ఫాలున్ నుంచి

మీ ఇద్దరి వాదన వేటగాళ్లున్నంత కాలం తెగదు, తమ్ముడికి అంతకంటె అవసరమైనది చెప్పనివ్వండి. పెద్ద మగ మూస్ భుజం దగ్గర దాదాపు 2 మీటర్ల ఎత్తుంటుంది, అయినా అది పొదల్లోంచి వచ్చేటప్పుడు చిన్న కొమ్మ విరిగిన చప్పుడైనా వినిపించకపోవచ్చు. కనిపించగానే కాల్చాలనిపిస్తుంది, అప్పుడే ఆగాలి. అది పూర్తిగా పక్కకు తిరిగి నిలిచినప్పుడు, ముందు కాలి వెనక, ఛాతీ కింది భాగంలో ఊపిరితిత్తుల మీద గురిపెట్టాలి. దూడతో ఉన్న తల్లి వస్తే ముందు దూడనే కొట్టాలి, తల్లిని కొట్టి దూడను దిక్కులేకుండా వదలకూడదు. ఎదురుగా వస్తున్నా, వెనక్కి తిరిగి పోతున్నా, దాని వెనక ఇంకో మూస్ ఉన్నా వదిలేయండి. వదిలేసినందుకు మంచి బృందంలో ఎవరూ నిందించరు.

తూటా సరిగ్గా తగిలినా అది కొంత దూరం పరుగెడుతుంది. మంచె దిగి వెంటపడవద్దు. అది నిలిచిన చోటు, పోయిన దిక్కు గుర్తుపెట్టుకుని రేడియోలో నాయకుడికి చెప్పి, ఆయన వచ్చేదాకా కదలకుండా ఉండండి. గాయపడిన మూస్ జాడ పట్టే కుక్క కచ్చితంగా అందుబాటులో ఉండాలి.

జవాబు: వెస్టెరోస్ నుంచి

ఆ కుక్క బృందంలోనే ఉండాలి కదండీ?

జవాబు: ఫాలున్ నుంచి

అవసరం లేదు. 2 గంటల లోపల ఆ చోటికి చేరుకోగలగాలి, అంతే. అయితే ఎవరి కుక్క, ఏ నంబరుకు ఫోను చేయాలి అన్నది వేట మొదలుకాకముందే తేల్చుకోవాలి.

జవాబు: ఊమెయో నుంచి

అక్కగారు చెప్పినదానికి మాంసం సంగతి కలుపుతాను. వాటా ఇస్తే వెంటనే ఇంటికి తెచ్చి కూర వండకండి. చల్లని గదిలో వేలాడదీసి, రోజువారీ ఉష్ణోగ్రతలు కూడితే 40 వచ్చేదాకా ఉంచుతారు, అంటే 4 డిగ్రీల దగ్గర 10 రోజులు. ఆ గది కడగడానికి, చర్మం ఒలవడానికి, మాంసం కోయడానికి పిలవకముందే వెళ్లండి. వచ్చే ఏడాది మాటు ఎవరికివ్వాలో నిర్ణయించేది అక్కడ మీతో కలిసి పనిచేసినవారే. ఇక బూట్లు మాత్రం నీళ్లు లోపలికి రానివి, మోకాలి దాకా ఉండేవి కొనండి. మీ వైపు అడవిలో బురద నేలలు చాలా ఉన్నాయి.