మందు కొట్టే డ్రోన్‌కు సైనింగ్ పెడితే బ్యాటరీ తగ్గుతుందా?

మిర్యాలగూడ_వరి:
సాగర్ ఎడమ కాలువ కింద వరికి డ్రోన్‌తో మందు కొడతాను. నా రెండు డ్రోన్లూ ఆర్డుపైలట్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. మొన్న గట్టు అవతల ఇంకొకరు డ్రోన్ లేపగానే వాళ్ల బ్యాటరీ, ఎత్తు నా ట్యాబ్‌లో కనబడ్డాయి. అలాంటప్పుడు వాళ్ల ట్యాబ్ నుంచి నా డ్రోన్‌కు ఆర్డర్ వెళ్లదా? పది లీటర్ల మందుతో అది గాల్లో ఉంటే, కింద కూలీలు ఉంటారు. మావ్‌లింక్ (డ్రోన్, ట్యాబ్ మాట్లాడుకునే భాష) సైనింగ్, అంటే ప్రతి ఆర్డర్‌కూ రహస్య సంతకం, పెట్టుకొమ్మని ఒకరు, పెడితే బ్యాటరీ తొందరగా అయిపోతుందని ఇంకొకరు అంటున్నారు. అసలే ట్యాంకు ట్యాంకుకూ బ్యాటరీ మారుస్తున్నాను. ఏది నిజం?

పాలమూరు_రిపేర్:
అక్కా, మీ భయం సరైనదే. డ్రోన్‌కూ ట్యాబ్‌కూ మధ్య సమాచారం మోసే టెలిమెట్రీ రేడియోలో కంపెనీ పెట్టిన నెట్ ఐడీ (నెట్‌వర్క్ నంబరు) 25ను చాలామంది అలాగే వదిలేస్తారు, డ్రోన్ నంబరు కూడా 1 గానే ఉంటుంది. ముందు ఆ రెండూ మార్చండి. అయితే నంబరు తెలిసినవాళ్లు అప్పుడు కూడా కలవగలరు. ఆర్డర్ మీదేనని డ్రోన్ తేల్చుకోవాలంటే సైనింగ్ ఉండాల్సిందే.

బ్యాటరీ గురించి టెన్షన్ వద్దు. నిండు ట్యాంకుతో మోటార్లు లాగేది కిలోవాట్లలో. డ్రోన్ మెదడైన ఫ్లైట్ కంట్రోలర్ మొత్తం కలిపినా కొన్ని వాట్లే, అందులో సంతకం కోసం చేసే ఒక షా-256 లెక్క ఎంతని? భారం పడేది రేడియో మీద. ప్యాకెట్‌కు 13 బైట్లు పెరుగుతాయి: లింక్ నంబరుకు 1, సమయానికి 6, సంతకానికి 6. ‘నేనున్నా’ అని డ్రోన్ పంపుతూ ఉండే హార్ట్‌బీట్ ప్యాకెట్ 21 నుంచి 34 బైట్లవుతుంది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉంటే స్ట్రీమ్ రేటు (సెకనుకు పంపే ప్యాకెట్లు) కొంచెం తగ్గించండి.

ఆ సమయం ఎందుకంటే, ఎవరైనా మీ పాత ఆర్డర్‌ను రికార్డు చేసి మళ్లీ పంపినా, టైమ్ వెనకది కాబట్టి డ్రోన్ దాన్ని తీసుకోదు. కీని (సంతకం పెట్టే రహస్య కోడ్‌ను) యూఎస్‌బీ వైరుతోనే ఎక్కించండి, రేడియో మీద అసలు వద్దు. రెండు డ్రోన్లకూ వేరువేరు కీలు పెట్టండి. ఒకటి చేతులు మారినా రెండోది పదిలం.

నల్లగొండ_బత్తాయి:
పై అన్న చెప్పింది కరెక్టే. ఒక్కటి గుర్తుంచుకోండి, సైనింగ్ సమాచారాన్ని దాచదు. పక్కవాళ్లు మీ ఎత్తు, బ్యాటరీ చూడగలరు, ఆర్డర్ మాత్రం ఇవ్వలేరు. చేతిలో ఉండే రిమోట్ లింకు, జీపీఎస్ కూడా దీని కిందికి రావు.

కరెంటు పొదుపు నిజంగా అవసరమయ్యేది నేల మీదే. మా తోటలో చెట్ల మొదళ్ల దగ్గర తేమ సెన్సర్లు పెట్టి, డ్రోన్ పైనుంచి వెళ్తూ రీడింగులు తీసుకునేలా ప్రాజెక్టు చేస్తున్నాను. చిన్న సెల్ మీద నడిచే సెన్సర్‌తో ప్రతిసారీ పబ్లిక్ కీ లెక్కలు (గుర్తింపు తేల్చే బరువైన లెక్కలు) చేయిస్తే ఆ సెల్ ఎన్నాళ్లు నిలుస్తుంది? అందుకే మొదటిసారి మాత్రమే ఎలిప్టిక్ కర్వ్ అనే పబ్లిక్ కీ పద్ధతితో గుర్తింపు, ఆ తర్వాత అప్పుడు కుదిరిన కీతో ఆస్కాన్ అనే తేలికపాటి ఎన్‌క్రిప్షన్. అమెరికాలోని ప్రమాణాల సంస్థ నిస్ట్ 2023లో ఇలాంటి చిన్న పరికరాల కోసమే దాన్ని ఎంచుకుంది. 256 బిట్ల కర్వ్ కీకి పాత పద్ధతి ఆర్‌ఎస్‌ఏలో 3072 బిట్ల కీ అంత బలం ఉంటుంది. పంపే బైట్లు తగ్గితే రేడియో మేలుకుని ఉండే సమయమూ తగ్గుతుంది. నా దృష్టిలో అసలు పొదుపు అదే.

మిర్యాలగూడ_వరి:
ఇద్దరికీ చాలా థాంక్స్. అన్నా, ట్యాబ్ పాడై కొత్తది తెస్తే ఎట్లా?

పాలమూరు_రిపేర్:
కీ తయారు చేసిన పాస్‌ఫ్రేజ్ (రహస్య వాక్యం) కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. అదీ పోతే వైరు కలిపి కొత్త కీ ఎక్కించొచ్చు, యూఎస్‌బీ మీద ఆర్డుపైలట్ సంతకం అడగదు. ఆ పని ఇంకెవరైనా చేయగలరు కాబట్టి డ్రోన్‌ను బోరు షెడ్డులో వదిలి రావద్దు, రోజూ ఇంటికే తెచ్చుకోండి.