రెండోసారి కాలేయం మార్చవలసి వస్తే ఇంట్లో మరొకరిని అడగవచ్చునా?

హనుమకొండవాసి: బతికున్న దాత ఇచ్చిన కాలేయ భాగం పాడై మళ్లీ మార్పిడి అవసరమైతే, అదే ఇంట్లో మరొకరిని ఆపరేషన్ బల్ల ఎక్కించరాదని నా అభిప్రాయం. రెండో మార్పిడి తర్వాత బతికేవారు తక్కువ. లోపల అతుక్కుపోయిన కడుపును మళ్లీ తెరవాలి, కలిపి కుట్టడానికి మిగిలిన రక్తనాళాలు పొట్టిగా ఉంటాయి, రోగి అప్పటికే నీరసించి ఉంటాడు. మరణించినవారి అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో నమోదు చేసుకొని ఎదురుచూడటమే న్యాయం.

జమ్మికుంట పంతులమ్మ: అన్నింటినీ ఒకే గాటన కట్టకండి. మొదటి వారంలో కాలేయ ధమనిలో గడ్డ కట్టడం వేరు, ఏళ్ల తర్వాత పిత్తనాళాలు చెడిపోవడం వేరు. మొదటిదానిలో చేతిలో ఉండేవి కొద్ది రోజులే. మన దేశంలో అధికభాగం మార్పిళ్లు బతికున్న దాతలతోనే జరుగుతున్నప్పుడు, ఎదురుచూడమంటే చావమనడమే.

పెద్దపల్లి రైతు: కాలేయం మళ్లీ పెరుగుతుందంటారు కదా, మొదటి దాతే ఇవ్వరాదా?

జమ్మికుంట పంతులమ్మ: పరిమాణం పెరుగుతుంది గాని, కోసి ఇచ్చిన నాళాలు తిరిగి మొలవవు. ఆ దాత మళ్లీ ఇవ్వలేరు.

హనుమకొండవాసి: నా ప్రశ్నకు జవాబు రాలేదు. కుడి భాగం ఇచ్చేవారికి ప్రాణాపాయం వెయ్యి మందిలో ఇద్దరు నుంచి ఐదుగురికి ఉంటుందంటారు. ఒకే ఇంటి నుంచి ఇద్దరా?

జమ్మికుంట పంతులమ్మ: రెండుసార్లూ లెక్కలే చెప్పారు. మా తమ్ముడికి మొదట మరదలు ఇచ్చింది, అది నిలవకపోతే నేను ఇచ్చాను, వాడు మరో నాలుగేళ్లు పిల్లలతో గడిపాడు. మీ సూత్రం ప్రకారం నేను చేసింది తప్పా? ఇవ్వడానికి భయపడేవారే ఇలా సూత్రాలు వెతుకుతారు.

వరంగల్ మిత్రుడు: ఆ చివరి మాట అనవలసింది కాదు.

హనుమకొండవాసి: అన్నారు కనుక చెబుతున్నాను. మా బాపుకు అమ్మ ఇచ్చింది. ఆరో రోజు ధమనిలో గడ్డ కట్టింది. అమ్మ ఇంకా మంచం దిగకముందే, ఏడో నెల గర్భంతో ఉన్న నా భార్య ఎదుటే, పెద్దబాపు, మేనమామలు నన్ను చుట్టుముట్టి "నువ్వు కొడుకువి కాదా" అన్నారు. నేను సంతకం పెట్టలేదు. మూడోనాడు పిట్టకు పెడితే కాకి ముట్టలేదు. అది నా వల్లనే అని ఊరంతా అన్నది.

జమ్మికుంట పంతులమ్మ: ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిమ్మల్ని అడగడం తప్పు కాదు, చుట్టుముట్టడం తప్పు. దాత చివరి నిమిషంలో కూడా వద్దనవచ్చు. డాక్టరుకు ఒంటరిగా చెబితే, బంధువులతో "వైద్యపరంగా సరిపోరు" అని మాత్రమే చెప్పి కాపాడే పద్ధతి చాలాచోట్ల ఉంది.

హనుమకొండవాసి: ఆనాడు ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. అయినా, నేను ఇచ్చి ఉంటే బాపు బతికేవాడా అన్నదానికి మీరు ఇంకా జవాబు చెప్పలేదు.