92 మియాటా: కాయిలోవర్లు వేసేయనా, ఆగనా?

ఎర్రమియాటా92 (కొలంబస్, ఒహాయో)

అందరికీ నమస్తే. నా బండి 1992 మాజ్దా మియాటా (రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు), 1.6 ఇంజన్, ఎర్ర రంగు, 1,18,000 మైళ్లు తిరిగింది. పోయిన అక్టోబరులో కొన్నాను. చిన్నప్పుడు తణుకులో పక్కింటాయన ఆదివారం పూట తన యెజ్డీ తుడుచుకుంటుంటే అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండేవాణ్ణి. ఆ పిచ్చి నలభై ఏళ్లకి ఇలా బయటపడింది.

సమస్య ఇదీ. గతుకు వస్తే ఎవరో వీపు మీద గుద్దినట్టుంటుంది. అదే బండి సాఫీ రోడ్డు మీద, మలుపుల్లో పడవలా ఊగుతుంది. గట్టిగా ఉండడం, ఊగడం రెండూ ఒకే బండిలో ఎలా కుదురుతాయో నాకు అర్థం కావట్లేదు. హాకింగ్ హిల్స్ దగ్గర 664 రోడ్డు మీద మలుపు మధ్యలో గతుకు తగిలితే వెనక భాగం ఒక్కసారి పక్కకి గెంతింది. మా ఆవిడ రెండుసార్లు ఎక్కింది. మూడోసారి "నేను క్యామ్రీలో వెనకాలే వస్తాలే, నువ్వు పద" అంది.

ముందు ఓనర్ పొట్టి స్ప్రింగులు వేశాడు. టైరుకీ ఫెండర్‌కీ మధ్య రెండు వేళ్లు పట్టవు. షాకబ్జర్ల మీద పేరు చెరిగిపోయింది. టైర్ల గాడి మాత్రం బాగానే ఉంది. అలైన్‌మెంట్‌కి ఒక షాపులో ఇస్తే "బోల్టులు కదలట్లేదు, ముందు చక్రాల టో ఒక్కటే చేశాం" అని (టో అంటే చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో) చెప్పి డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నారు.

బడ్జెట్ 1,500 డాలర్లు. 600కి ఒక కాయిలోవర్ సెట్ (స్ప్రింగూ షాకబ్జరూ కలిసి, ఎత్తు మార్చుకునేలా వచ్చేది) చూశాను, షాకు గట్టిదనానికి 32 క్లిక్కుల అడ్జస్ట్‌మెంట్ అట. పాలీయురెథేన్ బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలో రబ్బరు బదులు వేసే గట్టి ప్లాస్టిక్ మెత్తలు) కూడా కలిపి వేయించేద్దామని ఉంది. కార్ట్‌లో పెట్టి మూడు రోజులైంది. నొక్కేయనా?

కోన్‌కిల్లర్ (ఆస్టిన్)

నొక్కకు బ్రో. పసుపు రంగు కోనీ స్పోర్ట్ షాకులు, కంపెనీ స్ప్రింగులు. అంతే. నేను ఆరేళ్లుగా ఇదే సెటప్‌తో ఆటోక్రాస్ (కోన్ల మధ్య టైముకి నడిపే పోటీ) ఆడుతున్నా. ఆ పోటీలు నడిపే అమెరికా స్పోర్ట్స్ కార్ల క్లబ్బు ఎస్‌సీసీఏ వాళ్ల స్ట్రీట్ కేటగిరీలో స్ప్రింగులు మార్చనివ్వరు, షాకులు మార్చుకోవచ్చు. అందుకే మొదట్లో తప్పక వేశాను, ఇప్పుడు మార్చమన్నా మార్చను. బాడీ రోల్ (మలుపులో బండి పక్కకి ఒరగడం) మరీ చిరాకనిపిస్తే ముందు వైపు స్టెబిలైజర్ బార్, అదే ఆ ఒరగడాన్ని తగ్గించే కడ్డీ, కాస్త లావుది వెయ్.

గ్యారేజీబాబాయ్ (డెట్రాయిట్ దగ్గర)

అబ్బాయ్, రెండూ ఒకే బండిలో ఎలా అన్నావు చూడు, అసలు ప్రశ్న అదే. కాయిలోవర్ సంగతి తర్వాత.

షాకబ్జర్ కడ్డీకి పైన ఒక రబ్బరు ముక్క ఉంటుంది, బంప్ స్టాప్. చక్రం మరీ పైకి వచ్చినప్పుడు చివర్లో ఆపడానికి పెట్టింది. ఈ మొదటి తరం మియాటాలో చక్రం పైకి కదలడానికి అసలే చోటు తక్కువ. దాన్ని అంగుళంన్నర కిందికి దించితే ఆ కాస్త చోటూ పోతుంది. ఇప్పుడు నువ్వు స్ప్రింగ్ మీద కాదు, ఆ రబ్బరు ముక్క మీద తిరుగుతున్నావు. వీపు మీద గుద్దేది అదే. మలుపులో బయటి చక్రం అప్పటికే రబ్బరుకి ఆనుకుని ఉంటుంది, ఆ స్థితిలో గతుకు వస్తే లోపలికి పోయే దారి లేక టైరే రోడ్డు వదిలేస్తుంది. నీ వెనక భాగం గెంతింది అందుకే. ఇక ఊగడమంటావా, షాకులు చచ్చిపోయి ఉంటాయి. రెండు జబ్బులు, ఒక రోగి.

నమ్మకం లేకపోతే షాక్ కడ్డీకి ఒక జిప్ టై బిగించి, కిందికి జరిపి, నీ మామూలు దారిలో పది మైళ్లు తిరిగిరా. ఎక్కడికి తోసుకుపోయిందో చూడు.

టైర్ల గాడి బాగుందన్నావు. గాడి కాదు, వయసు చూడు. పక్క గోడ మీద డాట్ అని ఉన్న వరుసలో చివరి నాలుగంకెలు చదువు: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం.

కదలని బోల్టుల సంగతి అన్నిటికంటే ముఖ్యం, నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. ఈ బండికి నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్లు, అంటే చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి పట్టుకునే ఆర్మ్‌లు. కింది ఆర్మ్‌లకి చక్రానికి రెండు చొప్పున ఎనిమిది క్యామ్ బోల్టులుంటాయి, తిప్పితే ఆర్మ్ కాస్త జరుగుతుంది. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో ఎంత వాలిందో), క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే అక్షం ముందుకో వెనక్కో ఎంత వాలిందో), వెనక టో అన్నీ వాటితోనే. మన వైపు చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకి ఆ బోల్టు బుష్ లోపలి ఇనప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది. అది కదలనప్పుడు రెండు వేల డాలర్ల సస్పెన్షన్ వేసినా చక్రాలు ఎటు చూస్తున్నాయో నీ చేతిలో లేనట్టే. వారం రోజులు రోజూ పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టు. తర్వాత నట్టు తిప్పు. వదలకపోతే వేడి చెయ్. అప్పటికీ వదలకపోతే కరెంటు రంపంతో బుష్‌కి రెండు పక్కలా బోల్టు కోసెయ్, కొత్త బోల్టు, కొత్త బుష్ వేసుకో. ఎలాగూ ముప్పై ఏళ్ల రబ్బరు, పోయినా బాధ లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్తా. 2003లో నా తెల్ల 90కి బుష్‌లన్నీ మార్చాను. బండి జాకీ స్టాండ్ల మీదే ఉంది, చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి, అలాగే బోల్టులన్నీ బిగించేశాను. ఆ రబ్బరు తిరగదు, మెలితిరుగుతుంది. గాల్లో బిగిస్తే నేల మీదికి దింపగానే ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. రెండేళ్లు తిరక్కుండా చిరిగాయి. బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు.

పాలీ బుష్‌లకి గ్రీజు పెడుతూ ఉండాలి, లేకపోతే పాత తలుపులా కిర్రుమంటాయి. రోడ్డు బండికి రబ్బరే.

ఆ 32 క్లిక్కులా? అలాంటి చవక సెట్లు రెండు నా చేతుల మీదుగా పోయాయి. ఒకటో క్లిక్కుకీ ఇరవయ్యో క్లిక్కుకీ తేడా నాకైతే తెలియలేదు. మంచి కాయిలోవర్లు మంచివే, కాదనను, కానీ నీ బడ్జెట్‌లో అవి రావు.

కోన్‌కిల్లర్

బాబాయ్, పాలీ దగ్గర మాత్రం ఒప్పుకోను. నావి ఆరేళ్లుగా కిర్రుమనలేదు. గ్రీజు సరిగ్గా పెడితే చాలు.

మర్చిపోయా, ఇంకోటి. 99 మోడల్ నుంచి వచ్చిన రెండో తరం మియాటా షాక్ పై మౌంట్లు (షాక్‌ని పైన బండికి బిగించే భాగాలు) నీ బండికి పడతాయి. కొద్దిగా వాషర్ల సర్దుబాటు ఉంటుంది. చక్రం పైకి కదలడానికి కొంచెం చోటు పెరుగుతుంది. జంక్‌యార్డ్‌లో వెతుకు.

గ్యారేజీబాబాయ్

మౌంట్ల మాట నిజం. నాకూ అవే ఉన్నాయి.

కిర్రుమనకపోవడానికి కారణం నువ్వు ఏడాదికోసారి విప్పి గ్రీజు పెట్టడం. ఈ అబ్బాయి విప్పడు.

ఎర్రమియాటా92

విప్పను బాబాయ్, నిజమే. కార్ట్ ఖాళీ చేశాను. స్ప్రింగులు ఊడదీసేటప్పుడు భయపడాల్సిందేమైనా ఉందా?

గ్యారేజీబాబాయ్

భయపడాలి. స్ప్రింగ్ కంప్రెసర్ అద్దెకి దొరుకుతుంది. మరలు రెండు వైపులా సమానంగా తిప్పు, మొహం దాని దారికి అడ్డం పెట్టకు, పై నట్టు మీద ఇంపాక్ట్ గన్ వాడకు. జాకీ ముందు క్రాస్ మెంబర్ కింద, వెనక డిఫరెన్షియల్ కింద పెట్టు. అడుగున ఉండే ఆ పొడుగు పట్టీల కింద పెడితే అప్పడంలా నలుగుతాయి.

అలైన్‌మెంట్‌కి వెళ్లేటప్పుడు నీ బరువుకి సరిపడా డ్రైవర్ సీట్లో ఏదైనా పెట్టు. వెయ్యి కిలోలు కూడా లేని బండి, నువ్వు ఎక్కితే లెక్క మారుతుంది. ముందు చక్రాల క్యాంబర్ మైనస్ ఒక డిగ్రీ, వెనక మైనస్ ఒకటిన్నర దగ్గర, వెనక టో కొంచెం లోపలికి, క్యాస్టర్ రెండు వైపులా సమానంగా ఎంత వస్తే అంత. కాగితం మీద రాసి తీసుకెళ్లు, నోటితో చెబితే వినరు.

ఎర్రమియాటా92 (ఏడు వారాల తర్వాత)

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకండి.

జిప్ టై నాలుగింటికీ నాలుగూ పైదాకా తోసుకుపోయాయి. టైర్ల మీద అంకెలు 2413. అంటే 2013 జూన్‌వి! కొత్తవి వేయించాను, కంపెనీ సైజే, 185/60 ఆర్14. ఆ ఒక్కదానికే బండి మారిపోయింది.

ఎనిమిది బోల్టుల్లో ఐదు ఆయిల్‌కి వదిలాయి, రెండు వేడికి. వెనక కుడివైపుది ఒకటి కోయాల్సి వచ్చింది. శనివారం పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం నాలుగింటికి ఊడింది. మా ఆవిడ గ్యారేజీలోకి ఉప్మా పట్టుకొచ్చి, మొహంలోకి చూసి, ఏం మాట్లాడకుండా వెళ్లిపోయింది.

కంపెనీ స్ప్రింగులు సిన్సినాటిలో ఒకాయన 40 డాలర్లకి ఇచ్చేశాడు. కోనీలు, జంక్‌యార్డ్ మౌంట్లు, కొత్త బంప్ స్టాప్‌లు, రబ్బరు బుష్‌లు. అన్నీ నేల మీద దింపాకే బిగించాను బాబాయ్. 1,500 అనుకున్నది టైర్లతో కలిపి 2,130 అయింది. బండి ఎత్తు పెరిగింది, ఫొటోల్లో మునుపటంత బాగోదు, ఒప్పుకుంటాను.

అలైన్‌మెంట్‌కి ఈసారి వేరే షాపు. సీట్లో ఇరవై పౌన్ల సోనా మసూరి బస్తాలు ఎనిమిది పెట్టి, బెల్టు కట్టి తీసుకెళ్లి, నేను పక్కన నిలబడ్డాను. టెక్నీషియన్ ఒక నిమిషం బస్తాల వంక, ఒక నిమిషం నా వంక చూసి, కాగితం తీసుకున్నాడు. అన్నీ రాసినట్టే పెట్టిచ్చాడు.

ఆదివారం మళ్లీ 664. అదే మలుపు, అదే గతుకు. చక్రం దిగి లేచింది, అంతే. మా ఆవిడ పక్క సీట్లోనే ఉంది. బాగుందని అయితే అనలేదు. తిరుగు ప్రయాణంలో లోగన్ దాటాక నిద్రపోయింది.

ఒక్కటే మిగిలింది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ముందు ఎడమవైపు టక్‌మని శబ్దం. టెన్షన్ పడాలా?

గ్యారేజీబాబాయ్

స్టెబిలైజర్ బార్ చివర ఉండే చిన్న కడ్డీ, ఎండ్ లింక్, దాని నట్టు చూడు. అది కాకపోతే షాక్ పై నట్టు.

ఎర్రమియాటా92

పై నట్టే. ముప్పావు చుట్టు తిరిగింది. శబ్దం పోయింది.