గెనీజా కాగితాలు చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కైరోలోని యూదుల ప్రార్థనా మందిరం బెన్ ఎజ్రా సినగాగ్‌లో దొరికిన పాత కాగితాల పిచ్చిలో పడ్డాను. దేవుడి పేరున్న కాగితం పారేయకూడదని అక్కడ గెనీజా అనే ఒక గదిలో పడేసేవారు. ఆ పుణ్యమా అని ప్రార్థనలతో పాటు బాకీ పద్దులూ మిగిలాయి!

12వ శతాబ్దంలో మంగళూరులో వ్యాపారం చేసిన యూదుడు అబ్రహాం బెన్ యిజూ ఉత్తరాలు నాకు మరీ ఇష్టం. యెమెన్‌లోని ఏడెన్ రేవు నుంచి మిత్రులు ఆయనకు చక్కెర, రాసుకోవడానికి తెల్ల కాగితం పంపేవారు.

1132లో ఆయన ఆషు అనే దాసికి విడుదల పత్రం రాశాడు. తర్వాత ఆమెనే పెళ్లాడాడంటారు. ఆ మాట ఏదైనా పత్రంలో సూటిగా ఉందా, లేక పండితుల ఊహా?

ఇంకోటి. ఉత్తరాల భాష అరబిక్, లిపి హీబ్రూ. అక్షరాలు కూడబలుక్కుంటున్నాను గానీ అరబిక్ ఒక్క ముక్క రాదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?