పండుగ అయిపోయింది, సోమవారం వచ్చింది. ఆ రాత్రి నమ్మినంత గట్టిగా ఇప్పుడెందుకు నమ్మలేకపోతున్నాను?

వెనక బెంచీ:

అందరికీ వందనాలు. ఈ ప్రశ్న మూడు రోజులుగా టైప్ చేయడం, చెరిపేయడం జరుగుతోంది. ఇవాళ పోస్ట్ చేసేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

క్రిస్మస్ నెలంతా ఒక ఊపులో గడిచిపోయింది. క్వైర్ ప్రాక్టీసు, పిల్లల నాటిక, ఆఖర్న డిసెంబర్ 31 రాత్రి ఆరాధన. ఆ రాత్రి మోకాళ్ళ మీద ఉండి నిజంగానే ఏడ్చాను. "ప్రభువా, ఈ ఏడాది ప్రతి విషయంలో నిన్నే నమ్ముతాను, నువ్వేం చెబితే అది చేస్తాను" అన్నాను. నటన కాదు, మనస్ఫూర్తిగానే అన్నాను. తర్వాత సెలవులు అయిపోయాయి. మొదటి రోజే మా పై అధికారి, సగం కూడా పూర్తికాని పనిని పూర్తయిందని రిపోర్టులో రాయమన్నాడు. నేను కాదనలేదు, అవుననలేదు, "చూస్తానండి" అని తప్పించుకున్నాను. పది రోజుల కింద ఏడ్చి మాటిచ్చిన మనిషినీ ఈ "చూస్తానండి" మనిషినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నాకే సిగ్గేసింది.

కానీ అసలు బాధ అది కాదు. సెలవుల్లో ఇంట్లో అందరం కలిసినప్పుడు తమ్ముడితో మాట పెరిగింది. వాడు ఉద్యోగం మానేసి సొంతంగా ఏదో మొదలుపెట్టాడు. నేను అందరి ముందూ "ఇది కూడా నీకు మూన్నాళ్ళ ముచ్చటేలే" అనేశాను. మరదలు అక్కడే ఉంది, పిల్లలు అక్కడే ఉన్నారు. వాడు ఒక్క మాట కూడా అనలేదు. చేతిలో గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. విసిరికొట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

ఇప్పుడు ప్రార్థనకి కూర్చుంటే చాలు అదే కళ్ళముందుకొస్తోంది. నేనేమో "ఈ ఏడాది నా పట్ల నీ చిత్తమేంటి" అని అడుగుతుంటాను, నాకేమో ఆ గ్లాసు కనిపిస్తుంటుంది. ఆ రాత్రి నాకున్న నమ్మకం ఉట్టి ఎమోషనేనా? "అన్నీ దేవునికి అప్పగించు" అని అందరూ చెబుతారు, సరే, అప్పగించాక మర్నాడు పొద్దున లేచి నేను చేయాల్సింది ఏంటి? ప్రసంగం వద్దు, మీ జీవితంలో ఎలా నడిచిందో చెప్పండి చాలు.

నైట్ షిఫ్ట్:

బ్రదర్, ఏమీ అనుకోవద్దు, దేవుని చిత్తం తెలియడం లేదంటున్నారు, కానీ తెలిసిపోయింది కాబట్టే మీకు నిద్ర పట్టడం లేదు. తమ్ముడికి ఫోన్ చేయండి. మత్తయి 5:23, 24 ఒకసారి చూడండి. అర్పణ తెచ్చినవాడు బలిపీఠం దగ్గర ఉండగా, తన మీద సహోదరుడికి ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడమన్నారు ప్రభువు. తప్పెవరిది అని అడగలేదు. మీకు సరిగ్గా ప్రార్థనలోనే గుర్తొస్తోందంటే ఇంకేం కావాలి?

డ్యూటీ టైమైంది, వెళ్తున్నా.

సండే స్కూల్ అక్క:

తమ్ముడూ, పైన రాసినాయన చెప్పింది నిజమే, కాస్త కటువుగా చెప్పారు అంతే. నేను వేరే వైపు నుంచి చెబుతాను.

ఏటా పిల్లలతో నాటిక వేయించేది నేనే. జ్ఞానులు వచ్చి కానుకలిచ్చి సాగిలపడగానే పరదా దించేస్తాం, అందరూ చప్పట్లు కొడతారు, ఇళ్ళకెళ్తాం. ఈసారి సామాను సర్దుతుంటే మరియ భర్త యోసేపు వేషం వేసిన పిల్లాడు నన్ను అడిగాడు: "ఆంటీ, నాకు ఒక్క డైలాగ్ కూడా ఎందుకు లేదు?" నవ్వేసి ఊరుకున్నాను కానీ ఇంటికెళ్ళి సువార్తలు తిరగేశాను. నిజంగానే లేదు. నాలుగు సువార్తల్లో ఎక్కడా యోసేపు పలికినట్టుగా ఒక్క మాట కూడా రాయలేదు. ఆయన గురించి రాసిందంతా లేచాడు, తీసుకున్నాడు, వెళ్ళాడు, అంతే.

పరదా దించాక జరిగిన కథే నీ ప్రశ్నకి దగ్గరగా ఉంది. మత్తయి 2వ అధ్యాయం 13 నుంచి చదువు. జ్ఞానులు వెళ్ళిపోయాక కలలో దూత కనబడి, రాజు హేరోదు శిశువుని చంపాలని చూస్తున్నాడు, శిశువునీ తల్లినీ తీసుకుని ఐగుప్తుకి పారిపొమ్మంటాడు. ఎన్నాళ్ళు? నేను చెప్పేదాకా. తారీఖు లేదు, అక్కడ ఎలా బతకాలో లేదు. యోసేపు తెల్లారేదాకా కూడా ఆగలేదు, రాత్రివేళే బయల్దేరాడు. ఇక్కడిదాకా అందరం ప్రసంగాల్లో విన్నదే. నాకు కొత్తగా తగిలింది ఆ తర్వాతి భాగం. హేరోదు చనిపోయాక ఇశ్రాయేలు దేశానికి వెళ్ళమని మళ్ళీ కల వస్తుంది. వస్తాడు. తీరా వచ్చాక యూదయను హేరోదు కొడుకు అర్కెలాయు ఏలుతున్నాడని తెలుస్తుంది. అక్కడికి వెళ్ళడానికి భయపడ్డాడని 22వ వచనంలో దాచకుండా రాశారు. దేవుని మాట విని వచ్చినవాడే భయపడ్డాడు! అప్పుడు ఇంకో కల, గలిలయ వైపు వెళ్ళమని. చివరికి నజరేతు.

ఐగుప్తులో ఉన్నప్పుడే "నేరుగా నజరేతుకి వెళ్ళు, అర్కెలాయు జోలికి పోకు" అని చెప్పేస్తే సరిపోయేది కదా, దేవుడికి తెలియదా? చెప్పలేదు. మొదట మరియను చేర్చుకోమన్న కలతో కలిపితే యోసేపుకి మొత్తం నాలుగు కలలు, ప్రతి కలలోనూ అప్పటికి సరిపడా సంగతే. వెళ్ళిన కొద్దీ మిగతాది తెలిసింది. నువ్వు ఏడాది మొత్తం ప్లాన్ అడుగుతున్నావు. ఆయనేమో నీకు గ్లాసు చూపిస్తున్నాడు.

ఇంకొక్క మాట. నజరేతు చేరాక ఏమైంది? యేసుకు దాదాపు 30 ఏళ్ళు వచ్చేదాకా అక్కడి రోజుల గురించి లూకా వివరంగా రాసిన సంఘటన ఒక్కటే, 12వ ఏట యెరూషలేములో తప్పిపోయి దేవాలయంలో దొరికినప్పటిది. ఆ తర్వాత "తల్లిదండ్రులకు లోబడి ఉండెను" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అన్నేళ్ళ మామూలు రోజులు అందులోనే ఉన్నాయి.

పాత కీబోర్డు:

నైట్ షిఫ్ట్ గారితో నేను సగమే ఏకీభవిస్తాను. "ప్రార్థనలో గుర్తొచ్చింది కాబట్టి అది దేవుని స్వరమే" అనే సూత్రం చాలా ప్రమాదం. నా ఇరవైల్లో నేను దానికి బలైపోయాను. మనసులో ఏ ఆలోచన మెదిలినా దేవుడే చెప్పాడనుకునేవాణ్ణి, చేయకపోతే శిక్ష అనుకునేవాణ్ణి. అర్ధరాత్రి లేచి మనుషులకి క్షమాపణ మెసేజీలు పెట్టేవాణ్ణి, సగం మందికి నేను దేని గురించి అంటున్నానో కూడా అర్థమయ్యేది కాదు. అది విధేయత కాదు, టెన్షన్. మా పాస్టర్ గారు ఓపిగ్గా కూర్చోబెట్టి 2 కొరింథీ 7:10 చూపించారు, దైవచిత్తానుసారమైన దుఃఖం వేరు, లోకసంబంధమైన దుఃఖం వేరు అని. నాకు అర్థమైనంతలో తేడా ఇది: ఆత్మ గద్దిస్తే చేయాల్సిన పని ఒకటి చేతికి దొరుకుతుంది, అది చేస్తే అయిపోతుంది. అపవాది, అంటే సాతాను, నిందిస్తే "నువ్వసలు పనికిరావు" అంటాడు. అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఎంత ఏడ్చినా తరగదు.

మీ విషయంలో మాత్రం ఇది మొదటి రకమే. మాట ఫలానా, మనిషి ఫలానా, విన్నవాళ్ళు ఫలానా. కాబట్టి చేయండి, భయంతో కాదు. ఒక్క జాగ్రత్త: "సారీ రా, కానీ నీ మంచికే అన్నాను" అని మాత్రం అనొద్దు. ఆ "కానీ" తర్వాత ఏం చెప్పినా వాడికి వినబడేది అదే. అందరి ముందూ అన్నారు కాబట్టి మరదలికి కూడా చెప్పాలి, ఇది కష్టమని తెలుసు.

నయమాను గుర్తున్నాడా, 2 రాజులు 5? అంత పెద్ద సేనాధిపతి, కుష్ఠు పోవాలంటే యొర్దానులో ఏడుసార్లు మునగమంటే కోపం వచ్చి తిరిగి వెళ్ళిపోబోయాడు, మా దమస్కు నదులు ఇంతకంటే మంచివి కావా అని. ఏదైనా గొప్ప పని చెప్పి ఉంటే చేసేవాడివి కదా అని ఆయన్ని దారికి తెచ్చింది పనివాళ్ళే. మనకీ అదే జబ్బు. దేవుడు మిషనరీగా వెళ్ళమంటే బ్యాగు సర్దేసుకుంటాం, ఒక ఫోన్ కాల్ అంటే మూడు రోజులు.

రిపోర్టు సంగతి ఇంకా తేలిక. "ఇంత అయింది, ఇంత మిగిలింది, ఫలానా తేదీకి పూర్తవుతుంది" అని రాసి ఇవ్వండి. గొడవ పడక్కర్లేదు, వాక్యాలు వినిపించక్కర్లేదు. ఆ తర్వాత ఆయనేమంటాడో అన్న భయం ఉంటుంది చూశారా, నమ్మడం అనేది అక్కడ పనికొస్తుంది. ముందు కాదు.

ఇక ఏడాది మొదట్లో మాటివ్వడం ఎమోషన్ అని కొట్టిపారేయకండి. మేము మెథడిస్టులం, జాన్ వెస్లీ 1755లో మొదలుపెట్టిన నిబంధన ఆరాధన మా సంఘాల్లో ఇప్పటికీ కొత్త సంవత్సరం దగ్గర్లో జరుగుతుంది. అదే మాట ప్రతి ఏడూ మళ్ళీ ఇస్తాం. ఒక్కసారి ఇస్తే నిలబడదని వెస్లీకీ తెలిసే ఉంటుంది.

వెనక బెంచీ:

అందరికీ థ్యాంక్స్. అక్కా, ఆ "గ్లాసు చూపిస్తున్నాడు" దగ్గర ఆగిపోయాను.

నిజం చెప్పాలంటే నిన్న రెండుసార్లు ఫోన్ తీసి వాడి నంబరు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఇంట్లో పెద్దవాణ్ణి నేను. చిన్నప్పటి నుంచి వాడు నాకు సారీ చెప్పడమే కానీ నేను వాడికి చెప్పింది లేదు. మత్తయి 21లో ఇద్దరు కొడుకుల ఉపమానం ఉంది కదా, తోటలో పని చేయమంటే ఒకడు పోనని చెప్పి తర్వాత వెళ్తాడు, ఇంకొకడు "అయ్యా, వెళ్తాను" అని వెళ్ళడు. ఎన్నేళ్ళుగానో ఆ రెండోవాణ్ణి చూసి తల పంకించేవాణ్ణి. ఇప్పుడు చూస్తే డిసెంబర్ 31 రాత్రి "అయ్యా, వెళ్తాను" అన్నది నేనే.

ఇద్దరు పిల్లల అమ్మ:

నేను ఆలస్యంగా చూశాను. ఫోన్ సంగతి అందరూ చెప్పారు కాబట్టి మీ మొదటి ప్రశ్నకి వస్తాను, ఎందుకంటే దాన్ని ఎవరూ సరిగా పట్టించుకోలేదు.

అన్నయ్యా, మీరు అలసిపోయారు. నెలంతా ప్రాక్టీసులు, రాత్రి ఆరాధనలు, ఇంటినిండా బంధువులు, ఆ వెంటనే ఆఫీసు. 1 రాజులు 18లో ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం కళ్ళారా చూశాడు, 19కి వచ్చేసరికి బదరీ చెట్టు కింద కూర్చుని నా ప్రాణం తీసేయమంటున్నాడు. దేవుడు ఏం చేశాడు? నీ విశ్వాసం ఏమైంది అని అడగలేదు. నిద్రపోనిచ్చాడు, దూతని పంపి తిండి పెట్టించాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ పెట్టించాడు. మాటలు తర్వాత. కాబట్టి ఆ రాత్రి ఉన్న ఊపు ఇప్పుడు లేదంటే నమ్మకం పోయిందని కాదు, ఒంట్లో ఓపిక పోయిందని కూడా అయ్యుండొచ్చు. ఈ వారం కాస్త త్వరగా పడుకోండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను.

రెండోది, ఆ రాత్రి చేసిన ప్రార్థనని ఏడాదంతా వాడుకుందామనుకుంటున్నారు. నిర్గమకాండం 16లో దేవుడు ఎడారిలో ఇచ్చిన ఆహారం మన్నాని మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టింది. విశ్రాంతిదినానికి ముందురోజు తప్ప ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. నాకు ఇద్దరు చిన్నపిల్లలు, గంటల తరబడి ప్రార్థన నా వల్ల కాదు. పొద్దున వాళ్ళు లేవకముందు కొత్త నిబంధనలో ఒక్క అధ్యాయం. అందులో 260 అధ్యాయాలున్నాయి, వారానికి ఐదు చదివితే సరిగ్గా 52 వారాలు. వారంలో రెండు రోజులు పిల్లలకి జ్వరం వచ్చినా లెక్క తప్పదు. చదివాక ఒక్కటే అడుగుతాను, ఇవాళ ఇందులో నేను చేయాల్సిందేమైనా ఉందా అని. చాలా రోజులు ఏమీ తట్టదు. ఒక్కోరోజు తట్టేది అస్సలు నచ్చదు.

మేము క్యాథలిక్కులం. క్రిస్మస్ కాలం ప్రభువు జ్ఞానస్నాన పండుగతో ముగుస్తుంది, ఆ వెంటనే సామాన్య కాలం. ఏడాదిలో 33 లేదా 34 వారాలు ఆ సామాన్య కాలమే, అంటే పండుగల కంటే ఇదే ఎక్కువ. గురువులు తెల్ల వస్త్రం తీసి పచ్చది వేసుకుంటారు. చిన్నప్పుడు నాకు ఆ రోజు దిగులుగా ఉండేది, అన్నీ తీసి పెట్టెలో పెట్టేస్తున్నారని.

నైట్ షిఫ్ట్:

పాత కీబోర్డు గారూ, మీరన్నది ఒప్పుకుంటాను, నేను తొందరపడ్డాను.

వెనక బెంచీ బ్రదర్, ఏమైంది?

వెనక బెంచీ:

రిపోర్టు ఉన్నది ఉన్నట్టు ఇచ్చాను. ఆయన ముఖం మాడ్చుకున్నాడు, "సరే, చూద్దాం" అన్నాడు. ఈసారి చూద్దామన్నది ఆయన.

తమ్ముడికి నిన్న సాయంత్రం చేశాను. ఎత్తలేదు. గంట ఆగి మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఫోన్ పక్కన పడేసి "నా వంతు అయిపోయింది" అనుకోబోయాను, కానీ అయిపోలేదని నాకే తెలుసు. చివరికి మెసేజ్ పెట్టాను: "అందరి ముందూ నిన్ను అలా అనడం నా తప్పు. నువ్వు చేసే పని గురించి నేనెప్పుడూ అడిగి తెలుసుకోలేదు. మరదలికి కూడా చెప్పాలి, ఎప్పుడు ఫోన్ చేయమంటావు?" మొదట రాసినప్పుడు మధ్యలో "కానీ" వచ్చింది. తీసేశాను.

సండే స్కూల్ అక్క:

రోమా 12:18 చూడు తమ్ముడూ. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని ఉంటుంది. వాడి వైపు నుంచి వాడికి టైమివ్వు. మూడోసారి వెంటనే చేయకు.

వెనక బెంచీ:

చేయలేదక్కా. ఇందాకే రెండు నీలం టిక్కులు పడ్డాయి. "టైపింగ్" అని వచ్చింది, ఆగిపోయింది, మళ్ళీ వచ్చింది, ఆగిపోయింది. ఇప్పటికింకా జవాబు లేదు. ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి పడుకోబోతున్నాను.