స్కూల్లో పిల్లలు రాజకీయ కరపత్రాలు పంచితే తప్పా?

పత్తిచేలు:
అందరికీ నమస్కారం. డల్లాస్ పక్కన ఉంటాం. మా పెద్దమ్మాయి పబ్లిక్ హైస్కూల్లో పదకొండో తరగతి. పోయిన వారం లంచ్ టైములో కెఫెటేరియాలో కరపత్రాలు పంచింది. సగం కాగితం సైజు, ఇంట్లో ప్రింటర్ మీద తనే వేసుకున్న 60 కాపీలు. లైబ్రరీలోంచి తీసేసిన పుస్తకాల గురించి. మే నెలలో స్కూల్ బోర్డు ఎన్నికలు కదా, "ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ ఈ పుస్తకాల సంగతి అడగమని మీ అమ్మానాన్నలకి చెప్పండి" అని చివర్లో రాసింది. ఏ అభ్యర్థి పేరూ లేదు.

ఒక 20 పంచేసరికి అసిస్టెంట్ ప్రిన్సిపాల్ వచ్చి మిగతావి తీసేసుకున్నారు. ముందుగా అనుమతి తీసుకోలేదు, మళ్ళీ చేస్తే డిటెన్షన్ (బడయ్యాక ఆపి కూర్చోబెట్టే శిక్ష) అన్నారట. పిల్ల ఏడవలేదు. ఇంటికొచ్చి స్కూలు రూల్స్ ఉండే హ్యాండ్‌బుక్ తెరిచి నా ముందు పెట్టింది. "నాన్నా, పదికి మించి పంచాలంటే ముందు చూపించాలని ఉంది, అది నా తప్పే. కానీ ఏం రాశానో చదవకుండానే లాక్కున్నారు" అంది. మా ఆవిడ మనకెందుకీ గొడవ అంటోంది. నాకు ఏదీ తేలడం లేదు. మీరేమంటారు?

గోదారిగట్టు:
అన్నయ్య గారూ, అమ్మాయి ధైర్యాన్ని మెచ్చుకోవాల్సిందేనండి. కానీ నేనైతే ఆపేస్తాను. మనలో సగం మందిమి వీసాల మీద బతుకుతున్నాం. 2025 మార్చిలో టఫ్ట్స్ యూనివర్సిటీలో చదువుకుంటున్న టర్కీ అమ్మాయి వీసా రద్దు చేసి, రోడ్డు మీద నడుస్తుండగా పట్టుకుపోయారు. ఆమె మీద చూపించిందల్లా కాలేజీ పత్రికలో మరికొందరితో కలిసి రాసిన ఒక వ్యాసం. కోర్టు విడిపించింది, సరే, ఆ ఆరు వారాలు ఆ పిల్ల తల్లిదండ్రులకి నిద్ర పట్టి ఉంటుందా? హక్కు ఉండడం వేరు, దాన్ని వాడుకుని క్షేమంగా ఇంటికి రావడం వేరు. చదువు పూర్తయ్యాక, కాగితాలు చేతికొచ్చాక ఎన్ని కరపత్రాలైనా పంచుకోవచ్చు.

చట్టంమాట:
నేను ఇక్కడ లా చదువుతున్నాను. గోదారిగట్టు గారి భయం వట్టిదని అనను. కానీ హైస్కూలు పిల్ల లంచ్‌లో కాగితం పంచడానికి ఉన్న రక్షణ చాలా పాతది, గట్టిది. అది తెలుసుకున్నాక నిర్ణయించుకోండి.

1965 డిసెంబరులో అయోవా రాష్ట్రం డెమోయిన్‌లో కొందరు పిల్లలు వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్ల పట్టీలు కట్టుకుని బడికెళ్ళారు. మన దగ్గర ఉద్యోగులు నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నట్టే. మేరీ బెత్ టింకర్‌కి అప్పుడు 13 ఏళ్ళు, వాళ్ళ అన్న జాన్‌కి 15. స్కూలు సస్పెండ్ చేసింది. 1969 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు 7-2తో పిల్లల పక్షాన తీర్పిచ్చింది. బడి గేటు దగ్గర పిల్లలు తమ వాక్ స్వాతంత్ర్యాన్ని వదిలేసి లోపలికి రారు అన్నది ఆ తీర్పులోని మాటే. బడి నడవడానికి చెప్పుకోదగ్గ ఆటంకం కలిగితేనో, కలుగుతుందని నమ్మడానికి గట్టి ఆధారం ఉంటేనో ఆపవచ్చు. ఎవరికో నచ్చదేమో అన్న అనుమానం చాలదు.

1988 హేజిల్‌వుడ్ తీర్పు స్కూలు పత్రిక మీద ప్రిన్సిపాల్‌కి చాలా అధికారం ఇచ్చింది, ఎందుకంటే అది స్కూలు సొంత గొంతు. మీ అమ్మాయిది ఇంట్లో వేసిన కాగితం. అది స్కూలు మాట అని ఎవరూ పొరబడరు.

ఇక ముందస్తు అనుమతి. ఇక్కడ అన్ని కోర్టులదీ ఒకే మాట కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో రెంటన్ పిల్లలు సొంతంగా అచ్చేసిన పత్రికను అనుమతి లేకుండా పంచిన కేసులో 1988లో తొమ్మిదో సర్క్యూట్ (సుప్రీం కోర్టు కింద, కొన్ని రాష్ట్రాలకి కలిపి ఉండే అప్పీళ్ళ కోర్టు) ఆ అనుమతి రూలునే కొట్టేసింది. టెక్సస్ అయిదో సర్క్యూట్ కిందికి వస్తుంది. శాన్ ఆంటోనియో పిల్లల పత్రిక మీద 1972లో వచ్చిన షాన్లీ తీర్పు ప్రకారం, ముందుగా చూపించమని అడగడమే తప్పు కాదు. కానీ దేనికి ఒప్పుకుంటారో, దేనికి కాదో రూలులో స్పష్టంగా ఉండాలి, కాదంటే పైవాళ్ళకి చెప్పుకునే దారి ఉండాలి. కాబట్టి చూపించమనడం వరకు మీ స్కూలుది చెల్లుతుంది. చదవకుండా లాక్కోవడం మాత్రం ఏ రూలు కిందా నిలబడదని నా అభిప్రాయం.

ఇదంతా పబ్లిక్ స్కూళ్ళకే. ప్రైవేటు స్కూలైతే లెక్క వేరు.

నల్లబల్ల:
న్యూజెర్సీలో పబ్లిక్ మిడిల్ స్కూల్ టీచర్ని. 14 ఏళ్ళుగా లంచ్ డ్యూటీ చేస్తున్నాను, అక్కడి సంగతి చెబుతాను. తీర్పులు చదివినవాళ్ళకి అది కనపడదు.

కెఫెటేరియాలో 300 మంది పిల్లలకి ముగ్గురం పెద్దవాళ్ళం. ఒక కాగితం చేతులు మారిందంటే పది నిమిషాల్లో అది ఉండలా నలిగి ఎవరి తలకో తగులుతుంది. ఇంకో అయిదు నిమిషాల్లో దాని మీద బొమ్మలు. అక్కడితో ఆగితే ఎవరం పట్టించుకోం. రెండేళ్ళ క్రితం సరిహద్దుల గురించి ఒక అబ్బాయి కరపత్రం పంచాడు. మర్యాదగానే రాశాడు, నేను చదివాను. కానీ మా స్కూల్లో పిల్లల్లో సగం మంది ఇళ్ళల్లో ఇమ్మిగ్రేషన్ కాగితాలు లేని బంధువు ఒకరైనా ఉంటారు. ఒకమ్మాయి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మిగతా రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. నా క్లాసులో తల దించుకుని కూర్చుంది. అది చట్టం చెప్పే ఆటంకం కిందికి రాదు. ఎవరూ అరవలేదు, ఎవరూ కొట్టుకోలేదు. కానీ నేను చూశాను.

వీధిలో కరపత్రం ఇస్తే వద్దని పక్కనుంచి వెళ్ళిపోవచ్చు. బడిలో ఆ పిల్ల ఎక్కడికి పోతుంది? హాజరు తప్పనిసరి, లంచ్ అక్కడే, కూర్చునే బల్ల కూడా అదే. 1969 తీర్పులో విభేదించిన జస్టిస్ హ్యూగో బ్లాక్, జీవితమంతా వాక్ స్వాతంత్ర్యం కోసం నిలబడ్డ మనిషి, ఆయనే అన్నాడు, ఆ వయసులో పిల్లలు నేర్చుకోవడానికి వస్తారే గానీ నేర్పడానికి కాదని. నేను ఆ మాట పూర్తిగా ఒప్పుకోను. అయినా ప్రతి లంచ్ డ్యూటీలోనూ గుర్తొస్తుంది.

ఓరుగల్లు:
నాకు 70 దాటినయి. ఇప్పుడు అట్లాంటాలో బిడ్డ దగ్గర ఉంటున్న. ఆ తీర్పు వచ్చిన 1969 ఫిబ్రవరిల మేం వరంగల్‌ల రోడ్ల మీద ఉన్నం, ప్రత్యేక తెలంగాణ కోసం. ఇక్కడ కోర్టు పిల్లలకు మాట్లాడే హక్కు ఉందన్నది. అక్కడ మా మీద లాఠీలు లేచినయి, కాల్పులు కూడ అయినయి. చదువుకునే పిల్లలు పోయిన్రు.

నల్లబల్ల అక్కా, నీ బాధ నాకు అర్థమయింది. కని ఒకటి చెప్త. మాకు కరపత్రం పంచే జాగ బడిల దొరకలే. లోపల నోరు తెరిస్తే టీసీ చేతిల పెడ్తమన్నరు. అందుకే గేటు బయటికి పోయినం. నాకు ఒక సంవత్సరం చదువు పోయింది. అంతకు ముందు 1938ల ఉస్మానియా హాస్టళ్ళల్ల వందేమాతరం పాడిన్రని నిజాం సర్కారు పిల్లల్ని వెళ్ళగొట్టింది, వాళ్ళు నాగపూర్ పోయి చదువుకున్నరు. అట్ల నాగపూర్ పోయినోళ్ళల్ల పీవీ నరసింహారావు ఒకడు. బల్ల మీద కాయితం పంచుకోనిచ్చే బడి మాకుంటే ఎంత బాగుండు అని ఇప్పటికీ అనిపిస్తది.

చట్టంమాట:
పెద్దాయన గారూ, మన దేశం మాట వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతాను. 1985లో కేరళలో జాతీయ గీతానికి లేచి నిలబడి, తమ మత విశ్వాసం వల్ల పాడకుండా ఉన్న ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీం కోర్టు ఆ పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన జస్టిస్ చిన్నప్పరెడ్డి గారే. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన రాజ్యాంగం ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయకండి అని ముగించారు.

నల్లబల్ల గారూ, మీరన్నదాంట్లో వయసు సంగతి కోర్టులకీ తేలలేదు. మూడో తరగతి పిల్ల సర్కస్ ట్రిప్ వద్దని సంతకాలు సేకరిస్తే 2003లో మూడో సర్క్యూట్ స్కూలు వైపే మొగ్గింది. డల్లాస్ పక్కనే ఉన్న ప్లేనోలో మతపరమైన కార్డులు పంచబోయిన చిన్నపిల్లల కేసులో 2011లో అయిదో సర్క్యూట్, వాళ్ళకీ వాక్ స్వాతంత్ర్యం ఉందంటూనే ప్రిన్సిపాళ్ళ మీద నష్టపరిహారం పడకుండా కాపాడింది. ఇక్కడి అమ్మాయికి మాత్రం 16 ఏళ్ళు.

పత్తిచేలు:
నల్లబల్ల అక్కా, మీ మాటలు మా అమ్మాయికి చదివి వినిపించాను. చాలాసేపు ఆలోచించింది. తను అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఆ అమ్మాయి సంగతి నిజం. నేను చేతిలో పెట్టకూడదు. బల్ల మీద పెట్టి పక్కన నిలబడతా, కావాల్సినవాళ్ళు తీసుకుంటారు. కానీ ఎవరూ నొచ్చుకోని కాగితం మాత్రమే పంచాలంటే ఇక నేను రాయాల్సింది ఏమీ ఉండదు."

ఒక కాపీ, ఒక ఉత్తరం జతచేసి ఆఫీసులో ఇచ్చింది. రూలు ప్రకారం రెండు స్కూలు రోజుల్లో జవాబు ఇవ్వాలి.

నల్లబల్ల:
బల్ల మీద పెట్టడం బాగుంది. హైస్కూల్లో అయితే నేను ఒప్పుకుంటాను. మిడిల్ స్కూల్ విషయంలో మాత్రం నా మనసు మారలేదు. ఆ అమ్మాయి జేబులో మడిచిన కాగితం నేను మర్చిపోలేను.

పత్తిచేలు:
జవాబు వచ్చింది. బల్ల పెట్టుకోవచ్చట. కానీ అభ్యర్థులను అడగమన్న చివరి వాక్యం తీసేయాలట. స్కూలు వనరులు ఎన్నికల ప్రచారానికి వాడకూడదని టెక్సస్ చట్టంలో ఉందన్నారు.

చట్టంమాట:
ఆ చట్టం ఉంది. కానీ అది స్కూల్ బోర్డు తన డబ్బూ వనరులూ ఒక అభ్యర్థి కోసమో, ఒకరికి వ్యతిరేకంగానో ఖర్చు పెట్టకుండా కట్టడి చేయడానికి. మీ అమ్మాయి కాగితం తనది, సిరా తనది, పేరు ఎవరిదీ లేదు. ఆ ఒక్క వాక్యం తీసేస్తే మిగిలేది పుస్తకాల జాబితా. అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్నది రాజకీయపు మాటకే, వాళ్ళు తీయమంటున్నది సరిగ్గా దాన్నే. అప్పీలు చేయమనే నా సలహా.

గోదారిగట్టు:
అన్నయ్య గారూ, ఇక్కడితో ఆపండి. బల్ల ఇచ్చారు కదండీ. నా మాట నచ్చకపోయినా మీ మంచికే చెబుతున్నాను.

పత్తిచేలు:
మీ మాట మీద కోపం లేదండి. నిన్న రాత్రంతా అదే ఆలోచించాను. అప్పీలు ఉత్తరం పిల్లే రాసింది, ఒకటిన్నర పేజీ. పొద్దున మా ఆవిడ టీ తాగుతూ మొత్తం చదివింది. ఒక చోట స్పెల్లింగు దిద్ది, తల్లిదండ్రుల సంతకం అని ఉన్నచోట నాకన్నా ముందు తనే పెట్టింది. సోమవారం ఇస్తున్నాం.