గోయా 26వ బొమ్మ: చంపేవాళ్లని చూపించకపోవడం బలమా, లోపమా?

రాగిరేకు: స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా 'యుద్ధ విధ్వంసాలు' ఎచింగుల్లో (రాగి పలక మీద గీతల్ని యాసిడ్‌తో తినిపించి, సిరా పట్టించి కాగితం మీద అచ్చేసే బొమ్మలు) 26వది ముందు పెట్టుకుని అడుగుతున్నాను. నెపోలియన్ సేనలతో స్పెయిన్ పోరాడిన కాలం. బొమ్మకి ఆయన పెట్టిన పేరు "చూడలేం". గుహలాంటి చీకట్లో జనం మోకాళ్ల మీద పడి ఉన్నారు. కుడి అంచు నుంచి బాయ్‌నెట్ (తుపాకీ చివర బిగించే కత్తి) మొనలు పొడుచుకొచ్చాయి, అంతే. పట్టుకున్న చేతుల్లేవు, ముఖాల్లేవు. చంపేవాడు కనపడకపోతే ఈ చావులు కరువులాగా, వరదలాగా వాటంతటవే వచ్చిపడ్డట్టు ఉండవూ? నాకిది లోపమే.

సిరాచుక్క: నేనొప్పుకోనండీ. 1814లో ఆయనే వేసిన '1808 మే 3' పెయింటింగ్‌లో జనాన్ని కాల్చే సైనికుల వరసంతా ఉంది. అక్కడ మాత్రం ముఖాలెక్కడ కనిపించాయి? అన్నీ వీపులే. పైగా అక్కడ నేలమీద లాంతరుంది, వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుస్తుంది. ఈ ఎచింగులో దీపమే లేదు. జనం చుట్టూ కనిపించే ఆ తెలుపు ఎవరూ పూసింది కాదు, సిరా అంటని ఉత్త కాగితం. రాగి పలక మీద యాసిడ్ తినని చోటు. చుట్టూ గీతలు ఒత్తుకొచ్చి, ఆ కాస్త తెల్లటి చోట్లో మనుషులు మిగిలారు. ఆ మొనలు వచ్చేదీ ఆ కాస్త చోటుకే. నాకు ఊపిరాడనిది అక్కడే.

రాగిరేకు: వెలుగు సంగతి ఒప్పుకుంటాను. కానీ 15వ బొమ్మ చూడండి. గుంజకి కట్టేసిన మనిషి, కళ్లకి గంతలు, తెల్లటి బట్టలు. కుడి అంచున తుపాకీ గొట్టాలే. వెనకాల మాత్రం కాల్చే సైనికులు కనిపిస్తూనే ఉన్నారు. అంటే చూపించడం ఆయనకి చేతకాక కాదు.

సిరాచుక్క: నా మాటా అదే! దూరాన జరిగేదానికి సైనికులున్నారు. దగ్గర్లో, మనం నిలబడ్డ చోట గొట్టాలే ఉన్నాయి. అంచు అవతల ఎవరున్నారో మనమే పూరించుకోవాలి.

పాతప్రెస్సు: ఒక్క మాట. ఇవి గోయా బతికుండగా పుస్తకంగా రాలేదు. ఆయన 1828లో పోతే, మాడ్రిడ్ అకాడమీ 80 బొమ్మలతో అచ్చేసింది 1863లో. ఆ అచ్చులో పలక మీద సిరా పూర్తిగా తుడవకుండా కొంత వదిలేశారు, తెలుపు మసకబారింది. గోయా దగ్గరుండి తీయించిన ప్రూఫులు (సరిచూసుకోడానికి ముందుగా తీసే అచ్చులు) ఇంకా తేటగా ఉంటాయి. వెలుగు గురించి వాదించుకునే ముందు మీ ఇద్దరూ ఏ అచ్చు చూశారో చెప్పండి.

రాగిరేకు: నేను చూసింది 1863 అచ్చేనండీ. ప్రూఫు చూసి మళ్లీ రాస్తాను. ముఖాల విషయంలో మాత్రం నా మాట మార్చుకోలేదు.